దొరసాని ఉత్తరంలో బండ్లోళ్లు

ఉత్తరాల సాహిత్యం గురించి నల్లగొండలో కాలేజీ ఆడపిల్లలతో మాట్లాడవలసి వచ్చి, అక్క లేడీ మేరీ వర్ట్లీ మాంటెగ్యును ఎంచుకుంది. అక్కది వనపర్తి పక్క పల్లె. తెలుగు లెక్చరర్‌గా చేసి రిటైరైంది. తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు, వరసకు తమ్ముడు. మక్తల్ వైపు సర్కారు బడిలో పంతులు. తల్లిదండ్రులు గుంపు మేస్త్రీ వెంట పోయి నాగార్జునసాగర్ కట్టకు రాళ్లు మోసినవాళ్లు. ఆయనకు ఈ ఎంపిక నచ్చలేదు. ఇద్దరూ నాకు కావలసినవాళ్లే, ఇద్దరి వాదంలోనూ నేను వదులుకోలేని మాటలున్నాయి. అందుకే ఆ పూట నడిచిన సంవాదాన్ని వాళ్ల యాసలోనే ఇక్కడ పెడుతున్నాను.

తమ్ముడు: అక్కా, ఉత్తరాల మీద మాట్లాడాలంటే నీకు ఇంగ్లండు దొరసానే దొరికిందా? 1689ల పుట్టింది, డ్యూకు బిడ్డ, రాయబారి పెండ్లాం. నా బడిల పిల్లల అమ్మానాయినలు పుణెల, బొంబయిల మట్టిపని చేస్తున్నరు. వీళ్లకు ఆమె ముచ్చట ఎందుకు?

అక్క: డ్యూకు బిడ్డ అని అక్కడ్నే ఆగకు. ఆ ఇంట్ల కొడుక్కు దొరికిన చదువు ఆమెకు దొరకలె. నాయిన పుస్తకాలుండే అర్రల కూసొని లాటిన్ తనంతట తనే నేర్చుకున్నది. ఏవో ప్రేమకథలు చదువుకుంటున్నదిలే అని ఇంట్లోళ్లు అనుకున్నరు. తర్వాత నాయిన ఒక సంబంధం ఖాయం చేస్తే ఒప్పుకోక, 1712ల ఎడ్వర్డ్ వర్ట్లీ మాంటెగ్యుతోని ఇల్లు దాటిపోయింది. మరుసటేడు ఆమె తమ్ముడు పెద్దమ్మవారొచ్చి సచ్చిపోయిండు. 1715ల ఆమెకే పోసింది. బతికింది గానీ ముఖమంతా మచ్చలు, కంటిరెప్పల వెంట్రుకలు మళ్ల రాలె. అందగత్తె అని లండన్ అంత పొగిడిన మనిషి. పైయేడు, 1716ల, మొగనికి టర్కీ సుల్తాను దర్బారుల రాయబారి కొలువు వచ్చింది. ఆమె చిన్న పిల్లగాన్ని ఎత్తుకొని వియన్నా, బెల్‌గ్రేడ్, సోఫియాల మీదుగ ఎడ్రియనోపిల్‌కు, ఆడికెంచి ఇస్తాంబుల్‌కు పోయింది. ఆ తొవ్వ పొడుగునా రాసిన ఉత్తరాలివి.

తమ్ముడు: రాసినయా, తర్వాత కూసొని కుట్టినయా?

అక్క: తర్వాత సవరించి, రెండు సంపుటాలుగ తిరగరాసుకున్నది. ఉన్న మాటే. నిజంగ పంపిన ఉత్తరాలు, డైరీ కలిపి, ఎవరికి ఏం చెప్తే బాగుంటదో అట్ల అమర్చుకున్నది. ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర కూడ ఉత్తరాల పుస్తకమే కద? మద్రాసు సుప్రీంకోర్టుల ఇంటర్‌ప్రిటర్‌గ ఉన్న మనిషి. 1830 మే 18న బయలెల్లి, 1831 సెప్టెంబరు 3 నాటికి తిరిగొచ్చిండు. తొవ్వలకెంచి దోస్తు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాస్తే, ఆ పిళ్లనే 1838ల అచ్చేయించిండు. కృష్ణ దాటి, మన వనపర్తి సీమ మీదుగనే హైదరాబాద్ పోయిండు. రెండు వందల యేండ్ల కింద మన ఊర్లు ఎట్లున్నయో తెల్వాలంటే ఇప్పటికీ ఆ పుస్తకమే తీస్తరు.

తమ్ముడు: తీస్తరు. గానీ పల్లకిల కూసున్నాయన రాసిండు. పల్లకి మోసిన బోయీలు రాయలె. నడిచినోడు వాడు, తొవ్వ తెలిసినోడు వాడు, కాలుకు ముల్లు గుచ్చుకున్నోడు వాడు. పాలమూరు లేబర్ పోని ఊరేది అక్కా ఈ దేశంల? కట్టని కట్ట ఏది? నాగార్జునసాగర్‌కు 1955ల నెహ్రూ పునాదిరాయి వేసిండని పుస్తకాలల్ల ఉన్నది. 1967ల ఇందిరమ్మ కాల్వలకు నీళ్లు ఇడిసిందని ఉన్నది. ఆ పన్నెండేండ్లు మా అమ్మసుంటోళ్లు ఏం తిన్నరు, ఏడ పన్నరు, పసిపిల్లలను ఏ చెట్టుకు కట్టిన ఉయ్యాలల ఏసిండ్రు, అది ఏ యాత్రాచరిత్రల ఉన్నది? ప్రయాణం చేసేటోళ్లు ఒకళ్లు, ప్రయాణం రాసేటోళ్లు ఒకళ్లు. ఆ రాసేటోళ్లనే మళ్ల మళ్ల చదివిస్తే పిల్లలకు ఏం తెలుస్తది? రాసుడు మన పని కాదని తెలుస్తది.

ఇది తేలిగ్గా తీసేయదగ్గ మాట కాదు. అక్క కూడా తీసేయలేదు. సంచీలోంచి పుస్తకం తీసి, గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచింది.

అక్క: నువ్వు అడిగిన బోయీల సంగతి ఆమె ఉత్తరాలల్ల ఉన్నది, ఇను. 1717ల బెల్‌గ్రేడ్ దాటి అడవి తొవ్వల పోతున్నరు. వెంట సుల్తాను సిపాయిలు, జానిసరీలంటరు వాళ్లను. ఏ ఊర్ల దిగితే ఆ ఊర్ల కోళ్లు, గొర్లు, దొరికిందల్లా కోసుకొని తిన్నరు. పైస ఇయ్యలె. ఊరోళ్లు కొడ్తరని భయపడి నోరు మెదపలె. ఇదంత చూస్తుంటే ఏడుపొస్తున్నదని ఆమె రాసింది. ఇగ ఎడ్రియనోపిల్ ఇంకా రాకముందే, నిష్ ఊరు చేరినంక ఇంకొకటి. రాయబారి సామాన్లు మోసెటందుకు ఇరవై బండ్లు కిరాయికి మాట్లాడిండ్రు. తీరా చేరినంక కిరాయి ఎగ్గొట్టి ఎల్లగొట్టిండ్రు. తొవ్వల కొన్ని గుర్రాలు కుంటివైనయి, కొన్ని సచ్చినయి. ఆ బండ్లోళ్లు ఇంటి చుట్టు తిరుక్కుంట, నెత్తిమీది వెంట్రుకలు, గడ్డాలు పీక్కొని ఏడ్చిండ్రు. సిపాయిలు వాళ్లను సావగొట్టిండ్రు. ఇది ఎవరికి రాసిందో ఎర్కనా? ఇంగ్లండు యువరాణికి. కాబోయే మహారాణికి.

తమ్ముడు: రాసింది సరే. కిరాయి ఇచ్చిందా?

అక్క: ఇయ్యలె. నా సొంత పైసలిద్దామని ఉండె, గానీ ఇస్తే వాళ్ల చేతుల నిలువయి, అక్కడి అధికారి ఆగా గుంజుకుంటడని రాసింది.

తమ్ముడు: దొరికిపోయిందక్కా! మన కాడ ఏ దొరసాని అన్లె ఈ మాట? 'నాకు ఇద్దామనే ఉండె, పట్వారి తింటడని ఇయ్యలె.' బండ్లెవరి కోసం పోయినయి? సిపాయిల కోసమా? ఆమె ట్రంకుపెట్టెలు మోసెటందుకు. నష్టం చేసింది ఆమె ప్రయాణమే. చేసి, దాన్నే ఉత్తరంల పెట్టి యువరాణిని కండ్లనీళ్లు పెట్టమన్నది.

ఇక్కడ నేనొక మాట చేర్చాలి. నిజాం పాలనలో నల్లగొండ, పాలమూరు పల్లెలకు ఈ బండ్ల సంగతి వేరే వాళ్లు చెప్పనక్కరలేదు. అధికారి దౌరా వచ్చాడంటే రైతు ఎడ్లబండి కట్టాలి. కుమ్మరి కుండలియ్యాలి, మాదిగ చెప్పులు కుట్టియ్యాలి, గొల్ల మేకనియ్యాలి, చాకలి పక్కలు పరవాలి. వెట్టి వద్దని సర్కారు కాగితం మీద ఎన్నిసార్లు చెప్పినా పల్లెలో అమలు కాలేదు. 1931లో దేవరకొండలో, 1944లో భువనగిరిలో ఆంధ్రమహాసభ కూడింది ఆనాటి నల్లగొండ జిల్లాలోనే. ఆ బండ్లోళ్ల దగ్గర తమ్ముడి గొంతు లేచిందంటే దాని వెనక మూడు తరాల జ్ఞాపకం ఉంది.

అక్క: ఆమె ప్రయాణం వల్లనే నష్టమయ్యింది. ఒప్పుకుంట. గానీ ఒకటి చెప్పు. ఆ ఇరవై బండ్ల సంగతి ఇయ్యాల నీకు నాకు ఎట్ల తెలిసింది? రాయబారి సర్కారుకు పంపిన రిపోర్టుల ఉంటదా? అండ్ల యుద్ధం సంగతి, సంధి సంగతి ఉంటది. బండ్లోని గుర్రం కుంటుబడ్డదని రాసిన మనిషి ఈమె ఒక్కతే. రాయకుంటే నువ్వు ఆమె మీద నేరం మోపెటందుకు సాక్ష్యమే లేదు. నీ వకాల్తుకు కాగితమిచ్చింది ఆమెనే. తన పరువు కాపాడుకోవాల్నంటే ఆ ముచ్చట తీసేస్తుండె. తిరగరాసుకున్నదని ఇందాక చెప్పిన కద, తిరగరాసినప్పుడు కూడ దాన్ని ఉంచింది.

తమ్ముడు: ఆ మాట ఇంటున్న. అయితే బానిసల మీద రాసింది కూడ ఉంచింది కద, అది పిల్లలకు చదువుతవా? టర్కోళ్లు బానిసలను బాగనే చూసుకుంటరు, ఎక్కడన్న నౌకరికీ దీనికీ పెద్ద తేడా లేదు అని రాసిందా లేదా?

అక్క: రాసింది.

తమ్ముడు: ఎవరిండ్లల్ల చూసిందా బానిసలను? పాషాల పెండ్లాల ఇండ్లల్ల, పట్టుబట్టలేసుకొని పాటలు పాడేటోళ్లను. మన దొరల గడీలల్ల ఆడబాపలుండిరి. దొర బిడ్డకు పెండ్లయితే నగలతోటి, బిందెలతోటి కలిపి ఒక పేదింటి పోరిని కూడ అత్తగారింటికి పంపేటోళ్లు. ఆ పోరి జిందగీ అంత ఆ ఇంట్లనే. గడీకి చుట్టమై వచ్చిన ఏ దొరసానినన్న అడిగితే ఏమంటుండె? 'మంచిగనే చూసుకుంటరు, మాతోపాటు తింటది, మంచి చీరె కడ్తది.' అదే కండ్లు ఈమెవి కూడ. సిపాయి కొడ్తే కనపడ్డది, ఎందుకంటే సిపాయి పరాయోడు. తనసుంటి బేగం ఇంట్ల జరిగేది కనపడలె.

అక్క చాలాసేపు మాట్లాడలేదు.

అక్క: దానికి నా కాడ జవాబు లేదు. ఫాతిమా అనే పెద్ద అధికారి భార్య అందం చూసి మురిసిపోయి, ఆమె చుట్టూ నిలబడ్డ పిల్లలు ఏ ఊరోళ్లు, ఏ సంతల కొన్నరని అడగలె. అడగాల్సి ఉండె. గానీ తమ్మీ, అడిగింది కూడ ఒకటున్నది. సూదిమందు సంగతి.

తమ్ముడు: అమ్మవారు టీకా సంగతే కద? ఆమె కనిపెట్టినట్టు చెప్తరు.

అక్క: ఆమె ఎన్నడూ అట్ల చెప్పలె. 1717 ఏప్రిల్ 1న సారా చిస్‌వెల్ అనే చిన్ననాటి దోస్తుకు రాసింది. ఎండలు తగ్గి సెప్టెంబరు వచ్చినంక ముసలమ్మలు ఇండ్లకు తిరుగుతరట. ఇదే వాళ్ల పని. ఏ ఇంట్ల పిల్లలకు ఏయించుకుంటరో ముందే కబురు చెప్పుకొని, పదిహేను పదహారు మందిని ఒక్క కాడ కూసోపెడ్తరు. ముసలమ్మ అక్రోటు డొప్పల అమ్మవారు పుండు రసి పట్టుకొస్తది. ఏ నరం కాడ ఏయాలని అడిగి, సూదితోని గీకి, సూది తల మీద నిలిచేటంత రసి పెట్టి, పైన ఖాళీ డొప్ప మూసి గుడ్డ కడ్తది. అట్ల నాలుగైదు చోట్ల. పిల్లలు ఎనిమిది దినాలు ఆడుకుంటరు, తర్వాత జరమొస్తది, రెండు మూడు దినాలు పంటరు, లేస్తరు. ఇంత వివరంగ రాసింది. ఈ మందును నా దేశానికి తీస్కపోత, డాక్టర్ల రాబడి పోతది గనుక వాళ్లు నా మీద పడతరు, అయినా సరే కొట్లాడుత అని రాసింది. రాసి ఊకోలె. 1718 మార్చిల తన కొడుక్కే ఏయించింది. మొగడు ఊర్ల లేడు. వెంట ఉన్న పాదిరి వద్దన్నడు, క్రైస్తవులకు ఇది పనికిరాదన్నడు.

తమ్ముడు: ఏసిందెవరు?

అక్క: ఒక గ్రీకు ముసలామె. చెయ్యి ఒణుకుతుంటే ఒక రెట్టకు ఆమె ఏసింది, ఇంకో రెట్టకు రాయబారి డాక్టరు మెయిట్‌లాండ్ ఏసిండు.

తమ్ముడు: డాక్టరు పేరున్నది. ముసలామె పేరున్నదా?

అక్క: లేదు.

తమ్ముడు: చూడు మరి.

అక్క: చూస్తున్న. నువ్వు కూడ తర్వాతది చూడు. ఆ ముసలమ్మల పద్ధతి గురించి లండన్ రాయల్ సొసైటీకి 1714లనే కాగితాలు పోయినయి. మొగ డాక్టర్లు రాసిన లాటిన్ కాగితాలు. చదివి బీరువాల పెట్టిండ్రు. ఒక్క పిల్లగానికన్న ఏయలె. ఈమె 1721 ఏప్రిల్‌ల, లండన్‌ల అమ్మవారు జోరు మీదున్నప్పుడు, మెయిట్‌లాండ్‌నే పిలిపించి తన బిడ్డకు ఏయించింది. డాక్టర్లను రమ్మని కండ్లార చూడమన్నది. అప్పుడు అమ్మవారొస్తే ఆరుగురిల ఒకరు పోయేటోళ్లు, ఒక్కో ఊర్ల ఇంకా ఎక్కువ. ఏయించుకున్నోళ్లల్ల నూటికి ఇద్దరు పోయేటోళ్లు. ఆ ఇద్దరి కోసం ఆమెను తిట్టనోడు లేడు. కన్నతల్లివి కాదన్నరు. ఇండ్ల ముందర బగ్గీ ఆగితే నౌకర్లు కూడ ముఖం తిప్పుకున్నరట. జెన్నర్ గోమసూచి టీకా వచ్చింది 1796ల. అంటే డెబ్బై అయిదేండ్ల ముందుగాల, అక్షరం రాని ముసలమ్మల చేతి విద్యను నమ్మి, సొంత పిల్లల పానం ఒడ్డిన మనిషి ఈమె.

తమ్ముడు: ఆ 1721లనే న్యూగేట్ జైలుల ఉరిశిక్ష పడ్డ ఆరుగురికి ముందు ఏసి చూసిండ్రు. బతికితే ఇడిసిపెడ్తమన్నరు. తర్వాత అనాథ పిల్లలకు ఏసిండ్రు. ఆ తర్వాతనే, 1722ల, యువరాణి బిడ్డలకు ఏసిండ్రు. నేను కూడ చదివినక్కా.

అక్క: అది రాజు ఇంటోళ్లు, డాక్టర్లు కలిసి చేసింది. ఈమె ముందు ఏయించింది తన కొడుక్కు, తన బిడ్డకు. ఆ తేడా చిన్నదా?

తమ్ముడు: చిన్నది కాదు. ఆ ఒక్కటి నేను మనసార ఒప్పుకుంట. మా నాయినమ్మ ముఖం మీద అమ్మవారు మచ్చలుండె. తల్లి పోసినప్పుడు పోచమ్మకు నీళ్లార పోసుకుంట, ఏప మండలు కట్టుకొని అర్రల పండపెట్టిండ్రట. ఇద్దరు పిల్లలు అదే నెలల పోయిండ్రు. తర్వాత టీకాలోళ్లు జీపుల వస్తే, ఊరంతా జొన్న చేన్లల్ల దాక్కుంటే, మా నాయినమ్మనే మనుమలను గుంజుకొచ్చి ముందర నిలబెట్టిందని చెప్పేటోళ్లు. దేశంల అమ్మవారు పూర్తిగ పోయింది 1975ల. మా నాయినమ్మకు ఈ దొరసాని పేరు తెల్వదు. దొరసానికి ఆ గ్రీకు ముసలమ్మ పేరు తెల్వదు. నాకు వీళ్ల ముగ్గురూ ఒక్క కాడ కనపడుతున్నరు. గానీ పుస్తకంల ఒక్కతే ఉన్నది. నా దుఃఖం అది.

అక్క: నా దుఃఖం కూడ అదే తమ్మీ. నువ్వు ఆ పుస్తకాన్ని మూసేయమంటున్నవు, నేను ఇంకో రెండు రాయించమంటున్న.

తమ్ముడు: రాయించేది ఉంటే మన కాడ మనుషులు లేరా? మల్లు స్వరాజ్యం భూస్వామి బిడ్డ. తుంగతుర్తి దిక్కు వందల ఎకరాల ఇల్లు. దొరసానిగ పల్లకిల తిరగాల్సిన పిల్ల, తెలంగాణ సాయుధ పోరాటంల తుపాకి భుజాన పెట్టుకొని రాజక్క పేరుతోని అడివంత నడిచింది. తల మీద పదివేల ఇనాం పెట్టిండ్రు. ఆమె తిరిగిన తొవ్వ యాత్ర కాదా? సర్వస్వం ఉన్న ఇంటికెంచి ఎల్లి, లేనోళ్ల గుడిసెలల్ల పండుకున్నది. నల్లగొండ పిల్లలకు చెప్పాలంటే ఆమెను చెప్పు.

అక్క: చెప్త. ఆమె కత పుస్తకమై వచ్చింది 2019ల, ఎనభై ఎనిమిదేండ్ల వయసుల. తను చెప్తుంటే వేరేటోళ్లు రాసుకున్నరు. అంతకుముందు 1986ల స్త్రీశక్తి సంఘటనోళ్లు 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చిండ్రు. సాయుధ పోరాటంల నడిచిన ఆడోళ్ల కాడికి టేపురికార్డర్ పట్టుకపోయి, వాళ్ల మాట వాళ్లతోనే చెప్పించిండ్రు. పోరాటం ఆగింది 1951ల. ముప్పై అయిదేండ్లు ఎవరూ అడగలె. ఎంతమంది చెప్పకుండనే పోయిండ్రు ఆ నడుమ! అందుకే అంటున్న, నడుస్తున్నప్పుడే రాసుకునుడు నేర్పాలె. నేర్పాలంటే రాసినోళ్లను చూపియ్యాలె. నాకు మన సంస్థానాల రాణుల ముచ్చట కూడ గుర్తుకొస్తది. గద్వాల ఆదిలక్ష్మీదేవమ్మ 1924 నుంచి సంస్థానం ఏలింది, కవులను పోషించింది. ఆ కవులు ఆమెను పొగిడిన పద్యాలు కావల్సినన్ని. ఆమె ఒక పొద్దుగాల గద్వాల కోటల కూసొని ఏం అనుకున్నదో నాకు తెల్వాలని ఉంటది. పొగిడిచ్చుకునే బలం ఉన్న మనిషి గురించే ఇంత కొరత. రాళ్లు మోసిన మీ అమ్మ గురించి ఎంత కొరత ఉంటదో నాకు తెల్వదా?

తమ్ముడు: వనపర్తి కుముదినీదేవిని మర్చినవు. 1962ల హైదరాబాద్ మేయర్ అయ్యింది, కూకట్‌పల్లిల కుష్ఠురోగుల కోసం శివానంద ఆశ్రమం నడిపింది. పెద్దింటి ఆడోళ్లల్ల నేను లెక్కల పెట్టేది గట్ల చేసినోళ్లను. హైదరాబాద్‌ల సుగ్రా హుమాయూన్ మీర్జా సంగతి కూడ అంతే. ఆమె కూడ పెద్దింటామెనే, బారిస్టర్ భార్య. ఇరాక్ పోయింది, యూరప్ పోయింది, ఉర్దూల సఫర్‌నామాలు రాసింది. గానీ 1934ల ఆడపిల్లలకు సఫ్దరియా బడి పెట్టింది, అది ఇప్పటికీ హుమాయూన్‌నగర్‌ల ఉన్నది. బడి పెట్టినామె సఫర్‌నామా అయితే నేను చదువుత.

అక్క: బడి లేకుంటే ఆమె చూసింది అబద్ధమైతదా? సుగ్రా ముందుగాల 'అన్‌నిసా' పత్రిక నడిపింది. పర్దా ఇండ్లల్ల కూసున్నోళ్లు ఇంకో ఊర్ల, ఇంకో దేశంల ఆడోళ్లు ఎట్ల బతుకుతున్నరో చదువుకున్నరు. నాకు ఇట్ల కూడ బతకొచ్చని ఒక ఆడపిల్లకు తోచినప్పుడే బడికి పిల్లలొస్తరు. ఉర్దూ వచ్చిన మన నాయినల తరం పోతున్నది. ఆమె సఫర్‌నామాలు తెలుగు చేసేటోళ్లు దొరికితే ఆ పుస్తకం మీద మాట్లాడెటందుకు నేనే ముందుంట. నువ్వు బడి చూడు, నేను బడి దాకా తీస్కపోయిన ఆ చూపును చూస్త.

తమ్ముడు: చూపు అంటున్నవు. మేరీ చూపు ఏమయ్యింది ఆఖరుకు? బిడ్డకు రాసిన ఉత్తరంల ఏమన్నది? మనుమరాలిని బాగ చదివించు గానీ, ఆ చదువును కుంటికాలు దాసుకున్నట్టు దాసుకొమ్మని చెప్పు అన్నది. ఇదేనా మన పిల్లలకు చెప్పేది? మా ఆడపిల్లలు గురుకులాలల్ల సీటు తెచ్చుకొని, తలెత్తుకొని ఇంగ్లీషుల మాట్లాడుతున్నరు.

అక్క: ఆ ఉత్తరం 1753ది. రాసేనాటికి ఆమెకు అరవై దాటినయి. 1739ల మొగన్నిడిసి ఇటలీకి ఎల్లిపోయింది, అల్గరొట్టి అనే చిన్న వయసు పండితుని మీద మనసుపడి. ఆయన రాలె. ఇరవై రెండేండ్లు పరాయి దేశంల ఒంటరిగ ఉన్నది. తోట పెట్టుకున్నది, పట్టుపురుగులు పెంచుకున్నది, బిడ్డకు ఉత్తరాలు రాసింది. తెలివిని బయటపెట్టినందుకు పోప్ అసుంటి పెద్ద కవి ఆమెను పద్యాలల్ల ఎట్ల గలీజు చేసిండో అంతా పడ్డది. ఆ దెబ్బలు తిన్న అవ్వ మనుమరాలిని కాపాడుకునెటందుకు చెప్పిన మాట అది. తప్పే. గానీ చదివించొద్దు అనలె. నీకు చదువే తోడు, పుస్తకమంత సవక సంబురం ఇంకోటి లేదు అన్నది అదే ఉత్తరంల.

తమ్ముడు: బిడ్డ ఏం చేసింది మరి?

అక్క: కాలబెట్టింది. ఉత్తరాలు కాదు, డైరీ. ఆ బిడ్డ మొగడు లార్డ్ బ్యూట్ 1762ల ప్రధానమంత్రి. అదే యేడు జనవరిల తల్లి తిరిగొచ్చింది, రొమ్ము క్యాన్సర్‌తోని ఆగస్టు 21న పోయింది. ఇంటి పరువు కోసం తన రాతలు దాస్తరని తల్లికి ముందే ఎర్క. అందుకే వచ్చేటప్పుడు రోటర్‌డ్యామ్‌ల ఆగి, టర్కీ ఉత్తరాల సంపుటాలు రెండు ఒక పాదిరి చేతుల పెట్టి, నీ ఇష్టమొచ్చినట్టు చేసుకోమని రాసిచ్చింది. ఇంటోళ్లు అవి వాపసు తెప్పించుకున్నరు గానీ, అప్పటికే ఎవరో నకలు తీసిండ్రు. 1763ల అచ్చయినయి. డైరీ మాత్రం బిడ్డ తన చేతుల్నే ఉంచుకొని, సచ్చిపోయే ముందట మంటల ఏసింది. యేండ్లకేండ్లు రాసిన డైరీ తమ్మీ! రాయని మీ అమ్మ మాట పోయింది, రాసిన ఈమె మాట కూడ సగం పోయింది. ఆడోళ్ల రాతను ఉంచనియ్యని ఇండ్లు రెండు దిక్కుల ఉన్నయి.

తమ్ముడి ముఖంలో మొదటిసారి కోపం తగ్గి వేరే ఏదో ఆలోచన కనిపించింది. నా మొగ్గు అక్క వైపే అని ఇక్కడ చెప్పేస్తాను. కానీ ఆయన తరవాత చెప్పిన సంగతి వినకుంటే ఆ మొగ్గుకు విలువ లేదు.

తమ్ముడు: మా అమ్మ ఉత్తరాలు రాయలె అన్న కద. రాయించింది. కట్ట కాడ గుంపుల ఒక పిల్లగానికి అక్షరాలొచ్చు. ఐతారం నాడు వాని సుట్టు ఆడోళ్లు కూసునేటోళ్లు, తలా ఒక కార్డుముక్క పట్టుకొని. మేము క్షేమం, మీరు క్షేమమని తలుస్తం, ముసలోడికి జరం తగ్గిందా, బర్రె ఈనిందా, మేస్త్రీ బాకీ ఇంకా ఇంత ఉన్నది, పండుగకు వస్తమో రామో. కార్డు సగం అయిపోయేది. ఏడ్చిన ముచ్చట రాసేటోడు రాయడు, జాగ లేదనేటోడు. ఊర్ల ఆ కార్డు చదివేటోడు ఇంకొకడు. గ్రామంల అందరికి తెలుస్తది గనుక మా అమ్మ అసలు మాట చెప్పించకపోయేది. ఒక్కసారి మాత్రం పక్క గుడిసె ఆమె బిడ్డ తట్ట కింద పడి సచ్చిపోతే, అది రాయమని పట్టుబట్టిందట. రాసేటోడు రాసి, పోస్టు చేయక చింపేసిండట, అంత దూరం ఏడుపు పంపుడెందుకని. ఆ కార్డులు ఇంట్ల ఒక్కటీ లేవు.

అక్క: ఇది నువ్వు ఎన్నడన్న రాసినవా?

తమ్ముడు: నేనెందుకు రాస్త? ఎవరు చదువుతరు?

అక్క: నిష్ బండ్లోళ్ల సంగతి మూడు వందల యేండ్లకు మక్తల్‌ల ఒక పంతులు చదివి కోపానికొస్తడని ఆమె అనుకున్నదా?

తమ్ముడు: సరే. మాట్లాడు. గానీ సోఫియా హమాం, ఆ స్నానాలశాల ఉత్తరంతోని మొదలుపెట్టకు. అందరూ దాన్నే పట్టుకుంటరు. ఆంగ్ర్ అనే ఫ్రెంచాయన ఎనభై దాటినంక, టర్కీ మొఖమన్న చూడకుంట, ఆ ఉత్తరం చదివి 1862ల బట్టలు లేని ఆడోళ్ల గుంపును బొమ్మ గీసిండు. ఆ కంపు అంటింది దానికి.

అక్క: ఆయన గీసింది ఆయన పాపం. ఆమె రాసింది వేరే. రెండు వందల మంది ఆడోళ్లు, బేగంలు, బాందీలు ఒక్క కాడ కూసొని కాఫీ తాగుకుంట ఊరి ముచ్చట్లు చెప్పుకుంటున్నరు. ఈమె గుర్రపుస్వారీ బట్టలతోని పోతే ఒక్కతి నవ్వలె, వెకిలిగ చూడలె. ఇంగ్లండుల అయితే గుసగుసలు పెడుతుండిరి అన్నది. బట్టలిప్పి స్నానం చేయమని బతిమిలాడితే, రవికె ఇప్పి లోపలి కొర్సెట్ చూపించింది, తిమింగలం ఎముకలు పెట్టి బిగించి కట్టినది. వాళ్లు దాన్ని చూసి, మొగడు ఈమెను పెట్టెల పెట్టి తాళమేసిండు పాపం అనుకున్నరు. పర్దాల ఉన్నోళ్లు ఆమెను చూసి జాలిపడ్డరు. ఆ జాలిని ఆమె దాసుకోలె, రాసి ఇంగ్లండుకు పంపింది. మన పిల్లలకు ఇదే ముందుగాల తెల్వాలె. తనను ఇంకొకళ్లు ఎట్ల చూస్తున్నరో అది కూడ రాసే ధైర్యం.

తమ్ముడు: బండ్ల ఉత్తరం?

అక్క: దాని తర్వాత.

తమ్ముడు: ముందు.

అక్క: అయితే నువ్వు రా. బండ్ల ఉత్తరం నువ్వే చదువు. బానిసల ఉత్తరం కూడ నువ్వే చదువు, నేను దాస్తనని అంటివి కద.

తమ్ముడు: చదువుత. చదివి అందరి ముందట నిన్నే అడుగుత, జవాబు చెప్పాలె.

అక్క: జవాబు లేదని ఇందాక నీకు చెప్పిన. వాళ్లకూ అదే చెప్త. ఆ కార్డుముక్కల సంగతి చెప్పేది మాత్రం నువ్వే. కాయితం మీద రాసుకొని రా. నోటితోని చెప్తే ఒప్పుకోను.